మా తోడికోడలి పళ్ళు

మీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆఖరిసారి నవ్వింది ఎప్పుడు? తొందరపడి జవాబు చెప్పకండి. "నాకేం, నా పళ్ళు నిక్షేపంలా ఉన్నాయి" అనేవాళ్ళు ముందు నాలుకతో లోపలి దవడ పళ్ళను కూడా ఒకసారి తడిమి చూసుకుని అప్పుడు మాట్లాడండి.

ఈ ప్రశ్నను నేను ఎన్నో ఏళ్ళుగా వేదికల మీద ఆడవాళ్ళను అడుగుతూ వచ్చాను. ఆళ్ళగడ్డ వైపు పల్లెల్లో పెద్దవాళ్ళ ముందో మగవాళ్ళ ముందో ఆడది నవ్వాల్సి వస్తే చీర కొంగు నోటికి అడ్డం వస్తుంది. అది ఎవరూ నేర్పరు, ఎవరూ మాన్పించరు. నవ్వేమైనా దొంగసొత్తా, కొంగులో దాచుకోవడానికి? అని మైకు ముందు అరిచేదాన్ని. సభలో ఆడవాళ్ళు గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను వేదిక దిగి వాళ్ళ మధ్యకు వచ్చేసరికి "బాగా చెప్తివి మేడమ్" అని కొంగు చాటునే నవ్వేవాళ్ళు.

వాళ్ళందరిలోకీ మొండి మనిషి మా ఇంట్లోనే ఉండేది. మా ఆయన అన్న భార్య, అంటే నాకు తోడికోడలు. నేను అక్కా అంటాను. ఆళ్ళగడ్డలో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆమె పూజలు, ఉపవాసాలు, పంచాంగం గోడకు అటు వైపు. నా పుస్తకాలు, పత్రికలకు రాసే వ్యాసాలు, సభల కరపత్రాలు ఇటు వైపు. నేనెంత వాదించినా అక్క కొంగు దించలేదు. "నవ్వేది నా నోరు, అడ్డం పెట్టేది నా కొంగు, నీకేం నొప్పి?" అనేది.

ఒకరోజు అక్క ఇల్లు కడుగుతూ జారిపడింది. వాళ్ళింట్లో పరిచింది బేతంచెర్ల బండలు. పాలిష్ చేసినవి, తడిస్తే అద్దంలా జారతాయి. పైవరుసలో రెండు ముందు పళ్ళు పోయాయి. ఆమె పళ్ళ డాక్టరు కోసం నంద్యాలకు తిరగడం మొదలుపెట్టింది. నేను పరామర్శించాను, పండ్ల రసం పంపించాను, ఆపైన నా సభల్లో పడి మరిచిపోయాను. చాన్నాళ్ళకు ఒక సాయంత్రం అక్క మా గుమ్మం ముందు కూర్చుని జామకాయ కొరికింది. కోసుకుని కాదు, ముందు పళ్ళతో నేరుగా కొరికింది. మా ఆయన ఏదో హాస్యమాడితే నోరంతా తెరిచి నవ్వింది. కొంగు నడుముకే ఉంది.

ఆ క్షణంలో నాకు సంతోషం కలిగిందని రాస్తే అబద్ధం. నా కడుపు మండింది. ఇన్నేళ్ళ నా ఉపన్యాసాలతో కానిది ఎవరో డాక్టరమ్మ దవడలో రెండు స్క్రూలు బిగించి చేసేసింది. మా వీధి పొదుపు సంఘం వాళ్ళు ఏడాదికోసారి పెట్టుకునే మీటింగుకు నన్ను పిలుస్తారు. ఈసారి స్వాగతం చెప్పడానికి అక్కను పిలిచారు. ఆమె మైకు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడింది, నాలుగూ నవ్వుతూనే. నా ఉపన్యాసం గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకు షుగరు ఉంది, చిగుళ్ళు చాలాకాలంగా మెత్తబడుతున్నాయి. రుద్రవరంలో బంధువుల ఇంట నిశ్చితార్థానికి వెళ్ళినప్పుడు పళ్ళెంలో వేరుశనగ ఉండ పెట్టారు. కొరికాను. ఉండ చేతిలోకి వచ్చింది, దానితోపాటు నా పన్నూ వచ్చింది. పక్కనున్న పన్ను అప్పటికే ఊగుతోంది. ఆళ్ళగడ్డకు వచ్చాక దాన్నీ తీసేశారు. పైవరుసలో రెండు ముందు పళ్ళు, సరిగ్గా అక్కకు పోయినవే. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, నా చెయ్యి నన్నడగకుండానే కొంగు పట్టుకుని నోటి దాకా వచ్చి ఉంది.

అదే వారం నంద్యాల నుంచి ఫోను వచ్చింది. అక్కడ కొందరు మిత్రులు ఇంటి వాస్తు మీద బహిరంగ చర్చ పెడుతున్నారు. అటు వైపు ఒక వాస్తు పండితుడు, ఇటు వైపు నేను.

"మేడమ్, మీరు వస్తాండారు కదా?" అన్నాడు నిర్వాహకుడు.

"వేరే ఎవరైనా..." అన్నాను. పళ్ళ సందులోంచి గాలి పోయి ఆ మాట నాకే అర్థం కాలేదు.

"వేరే ఎవరుండారు మేడమ్? మీరు రాకపోతే ఆయనొక్కడే గంటసేపు మాట్లాడి పోతాడు. జనం అదే నిజమనుకోని ఇండ్లు పగలగొట్టుకుంటారు."

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. అద్దం ముందు నిలబడి "శాస్త్రం" అన్నాను. నోట్లోంచి ప్రెషర్ కుక్కర్ విజిల్ వచ్చింది. మా ఆయన పేపరు మడిచి, "రాసియ్యి, ఎవురో ఒకరు చదువుతారులే" అన్నాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఆ రాత్రి ఆయనకు అన్నం నేను వడ్డించలేదు.

అక్క గోడ అవతల నుంచి ఇదంతా విన్నది. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని వచ్చి నిలబడింది. "పా, నా డాక్టరమ్మ దగ్గరికి పోదాం." నా డాక్టరమ్మ అంది. ఆ 'నా' కూడా నాకు గుచ్చుకుంది.

బస్సు శిరివెళ్ళ దాటేదాకా అక్క మాట్లాడుతూనే ఉంది.

"అమ్మీ, నేను దశమి చూసుకోని పోతి. అందుకే స్క్రూ గట్టిగా పట్టుకునింది. నువ్వు అష్టమి నాడు పోతాండావ్, చూసుకో మరి."

"దవడ ఎముకకు తిథులు తెలుస్తాయా అక్కా?" కొంగు చాటునుంచే అడిగాను.

"నా ఎముకకు తెల్సు. నీది నాస్తికపు ఎముక, దానికేం తెల్సు!"

టికెట్లు కొడుతున్న కండక్టరు పగలబడి నవ్వాడు. అక్కా నవ్వింది. కిటికీ వెలుతురులో ఆ రెండు పళ్ళు మిగతా వాటికంటే ఒక పిసరు తెల్లగా మెరిశాయి. రంగు కలవలేదని లోపల సంతోషించాను. ఆ కాసేపు నాకు మిగిలిన సంతోషం అదొక్కటే.

నంద్యాల బస్టాండుకు దగ్గరలోనే ఆ దవాఖానా. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అక్కను చూడగానే లేచి వచ్చి, బయట కూర్చున్న వాళ్ళతో, "ఈ అమ్మను చూడండి. అమ్మా, ఒక్కసారి నవ్వండి" అంది. అక్క పెళ్ళికూతురులా నవ్వింది. వాళ్ళంతా మెడలు చాచి చూశారు. నేను ఒక మూలన కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నా ఉపన్యాసాలు విన్న ఆడవాళ్ళెవరైనా అప్పుడక్కడికి వచ్చి ఉంటే ఏమయ్యేదో!

ఎక్స్‌రే తీశారు. చిగుళ్ళ లోతు సన్నని కడ్డీతో కొలిచారు. షుగరు చూశారు, మూడు నెలల సగటు తెలిసే పరీక్షకు రక్తం కూడా తీసుకున్నారు. ఆ ఫలితం వచ్చాక డాక్టరమ్మ ప్లాస్టిక్ దవడ బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"పోయిన పళ్ళ చోట పళ్ళు పెట్టడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయమ్మా. ఒకటి, తీసి పెట్టుకునే సెట్టు. అంగిలికి ఆనుకునే ప్లేటు మీద రెండు పళ్ళు ఉంటాయి. రాత్రి తీసి కడిగి నీళ్ళలో వేసుకోవాలి. మొదట్లో మాట తిరగదు, అలవాటు కావాలి. రెండోది బ్రిడ్జి. అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటి మీద టోపీల్లాగా తొడిగి, మధ్యలో ఈ రెండు పళ్ళను నిలబెడతాం. తీసే పని ఉండదు. మూడోది ఇంప్లాంట్. ఎముకలో స్క్రూ పెట్టి, ఎముక దాన్ని పట్టుకునే దాకా కొన్ని నెలలు ఆగి, అప్పుడు పైన పన్ను బిగిస్తాం."

"మూడోది," అన్నాను. ఆమె మాట పూర్తికాకముందే అన్నాను.

"చెప్పేది పూర్తిగా వినండమ్మా. మీ చిగుళ్ళకు జబ్బుంది. ఎముక కొంచెం కరిగింది. షుగరు ఎక్కువగా ఉంది. ఇలాంటప్పుడు ఇంప్లాంట్ పెడితే నిలవకపోయే ప్రమాదం ఎక్కువ. బ్రిడ్జి అందామంటే, కుడి పక్క పన్ను ఇప్పటికే వదులు, అది బరువు మొయ్యదు. ఎడమ పక్కది ఏ జబ్బూ లేని గట్టి పన్ను, దాన్ని ఊరికే అరగదియ్యడం నాకిష్టం లేదు. ముందు చిగుళ్ళు బాగుచేద్దాం, మీరు షుగరు దించుకోండి. అప్పటిదాకా సెట్టు పెట్టుకోండి. తర్వాత స్కాన్ తీసి మళ్ళీ ఆలోచిద్దాం."

సెట్టు! అక్కకు స్క్రూలు, నాకు రాత్రిపూట గ్లాసులో నానబెట్టుకునే ప్లేటు. నేను ఆ వేదిక మీదికి ప్లేటుతో ఎక్కడమా? నా వాదన పటిమంతా లేచి నిలబడింది.

"మా అక్కకు పెట్టారు కదా? ఆమెకూ ఈ పళ్ళే పోయాయి. ఆమె నాకంటే పెద్దది కూడా. ఆమెకు పనిచేసింది, నాకెందుకు పనిచెయ్యదు? నా కళ్ళ ముందే ఉంది కదా!"

డాక్టరమ్మ ఓపికగా, "ఆమెది దెబ్బ తగిలి పోయిన పళ్ళు, చిగుళ్ళు బాగున్నాయి, షుగరు లేదు. మీ దవడ వేరు, ఆమె దవడ వేరమ్మా" అంది.

"చూడండి, నాకు ఇంకేమీ చెప్పొద్దు. ఆమెకు ఏం చేశారో నాకూ అదే చెయ్యండి."

పక్కనే కూర్చున్న అక్క నా మోచెయ్యి గిల్లింది. "ఏందమ్మీ, పోయినేడు మీటింగులో ఏమంటివి నువ్వు?"

"ఏమన్నాను?"

"తాయెత్తు కట్టుకుంటే పక్కింటామెకు కామెర్లు తగ్గె, మనకూ తగ్గుతాయి అనుకుంటాండారు, ఒకరికి తగ్గిందంటే అది సాక్ష్యమా, బుద్ధుండాల్యా అని గొంతు చించుకోని అరిస్తివి కదా. ముందు వరసలో కూర్చోని వింటి నేను. ఇప్పుడు నేను నీకు తాయెత్తునా?"

డాక్టరమ్మ ముఖం అటు తిప్పుకుంది. నవ్వాపుకుంటోందని నాకు తెలుసు. నాకు కోపం వచ్చింది. ఆ మాట తప్పయినందుకు కాదు, అది నా మాటే అయినందుకు.

నేనూ ఊరుకోలేదు. "అయితే నీ దశమి సంగతేంది? ఒక్క నీకు స్క్రూ పట్టిందని దశమి మంచిదైపోయిందా? ఆ రోజు ఈమె ఇంకెంతమందికి పెట్టిందో, అందరివీ నిలిచాయో లేదో అడుగు."

"నా దశమి జోలికి రాకు."

"నువ్వు నా తాయెత్తు జోలికి రావచ్చా?"

"మీరిద్దరూ కాసేపు నోరు మూసుకుంటే క్లీనింగు మొదలుపెడతాను," అంది డాక్టరమ్మ. నా నోరు తెరిచే ఉండాలని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది.

సెట్టుకు అచ్చు తీసుకున్నారు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. కాలువ పక్కన వరి పొలాలు, అవతల నల్లమల, అన్నీ నా కళ్ళకు పళ్ళు లేనట్టే కనిపించాయి. అక్క మెల్లగా అంది.

"నేనూ పెట్టుకుంటి కదమ్మీ ఆ ప్లేటు."

"ఎప్పుడు?"

"స్క్రూలు పెట్టినాక ఎముక పట్టేదాకా. శానా నెలలు. అన్నం తింటాంటే కింద దూరేది, మాట్లాడితే నాలిక్కు తగిలేది. ఇంటికొచ్చిన ఒక పెద్దాయన ముందర ఒకసారి ఊడి కంచంలో పడె. ఏడిస్తి."

"నాకు తెలియదే."

"యాడ తెలుస్తాది? నేను కొంగు అడ్డం పెట్టుకుంటాంటి, నీకు కనపళ్యా."

ఏ కొంగును నేను అంత తిట్టానో, ఆ కొంగు వెనకాల ఒక మనిషి నెలల తరబడి ప్లేటుతో కుస్తీ పట్టింది. ఒకే గోడ పంచుకున్నదాన్ని, నేను చూడలేదు. నేను చూసింది జామకాయ కొరికిన సాయంత్రాన్ని మాత్రమే. ఆ ఒక్క సాయంత్రాన్ని చూసి అసూయపడ్డాను.

అలాగని నా అసూయ తగ్గిందా? లేదు. దాని ఆకారం మారింది, అంతే. ఇప్పుడు ఆమె ఓపిక మీద కూడా అసూయ కలిగింది.

సెట్టు వచ్చింది. నోట్లో పెట్టుకుంటే ఎవరిదో చెప్పు నమిలినట్టుంది. అక్క గోడ అవతల నుంచి సలహా ఇచ్చింది: "గట్టిగా చదువు. నేను పొద్దున్నే స్తోత్రాలు చదివి అలవాటు చేసుకుంటి." నా ఇంట్లో స్తోత్రాలు లేవు. ముహూర్తాల మీద నేనే రాసిన వ్యాసం తీసి గొంతెత్తి చదివాను. అక్క ఊరుకుంటుందా? అటు నుంచి స్తోత్రం అందుకుంది. గోడకు ఆ పక్క దేవుడి నామాలు, ఈ పక్క తిథులన్నీ బూటకమన్న నా వాక్యాలు. వీధిలో పోయేవాళ్ళు నిలబడి విన్నారట. ఒకామె మా ఆయన్ను అడిగిందట, "ఏందన్నా, మీ ఇండ్లల్లో దినామూ కొట్లాటేనా?" అని.

చర్చకు ముందురోజు మళ్ళీ ఫోను వచ్చింది. వస్తానని ఈసారి నేనే గట్టిగా చెప్పాను. "వ" బాగానే పలికింది. "స్త" దగ్గర ప్లేటు కదిలింది. మా నాయన నాకు వాదన నేర్పిన మనిషి. పల్లెల్లో సంస్కరణ సభలకు నన్ను వెంటబెట్టుకుని తిరిగేవాడు. ఎదుటివాడి వాదనను వాడికంటే బాగా చెప్పడం చేతనైతేనే దాన్ని ఖండించడానికి నిలబడమనేవాడు. ఆ రాత్రి నేను వాస్తు పండితుడి వాదన రాసుకోబోయి, రాసింది చూస్తే దవాఖానాలో నేను డాక్టరమ్మతో అన్న మాటలే ఉన్నాయి: ఆమెకు పనిచేసింది, నాకెందుకు పనిచెయ్యదు?

నంద్యాలలో ఒక కల్యాణ మంటపంలో చర్చ. కుర్చీలు నిండాయి. పండితుడు ముందు మాట్లాడాడు. మంచి గొంతు, నిండుగా సొంత పళ్ళు. ఫలానా ఊళ్ళో ఫలానా రైతు మెట్ల దిక్కు మార్చాక బోరులో నీళ్ళు పడ్డాయి, ఇంకొకాయన వంటిల్లు జరిపాక కోర్టు కేసు గెలిచాడు, ఇలా చెప్పుకుంటూ పోయాడు. జనం తలలు ఊపారు.

నేను లేచాను. "శాస్త్రం అంటే..." అన్నాను. ప్లేటు జారి విజిల్ వచ్చింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెయ్యి కొంగు పట్టుకుని పైకి లేచింది.

"అమ్మీ! కొంగు!"

ముందు వరసలోంచి అక్క అరుపు. పొలంలో గేదెను అదిలించినట్టు అరిచింది. సభంతా ఆమె వైపు చూసింది. నేను కొంగు వదిలేశాను. ప్లేటును నాలుకతో పైకి నొక్కాను.

"నా ముందు పళ్ళు రెండు పోయాయి," అన్నాను. "ఈ పెట్టుడు పళ్ళు నాకింకా అలవాటు కాలేదు. అరిచింది మా తోడికోడలు, ఆమెవి స్క్రూ పళ్ళు. ఆమెకు నిలిచాయి కాబట్టి నాకూ అవే కావాలని నేను డాక్టరమ్మతో పోట్లాడాను. దవడ వేరు, చిగురు వేరు, రక్తం వేరు అని ఆమె చెప్తే వినలేదు. ఎందుకు? అసూయ. పండితులు గారు చెప్పిన రైతుకు నీళ్ళు పడ్డాయి, నిజమే అనుకుందాం. మెట్లు మార్చినా నీళ్ళు పడని రైతు సంగతి ఆయన చెప్పాడా? మెట్లు మార్చకుండానే నీళ్ళు పడ్డ రైతు సంగతి? పక్కింట్లో నీళ్ళు పడితే మనకు బుద్ధి పనిచెయ్యదు, కడుపు మండుతుంది. ఆ మంటలో మెట్లు పగలగొడతాం. నేను నా దవడలో స్క్రూ బిగించమని పోట్లాడినట్టు."

ఆ తర్వాత ఎంతసేపు మాట్లాడానో గుర్తులేదు. విజిల్ ఇంకా వచ్చింది, ఎవరూ నవ్వలేదు. పండితుడు లేచి మంగళవారం గురించి ఏదో అన్నాడు, జనం ఈసారి తలలు ఊపలేదు. ఆయనొక్కడే మాట్లాడి వెళ్ళిపోలేదు. నేను వచ్చింది అందుకే.

కానీ నేను వేదిక దిగేసరికి నా చుట్టూ ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా అక్క చుట్టూ మూగి ఉన్నారు. "ఎవురు పెట్టిరి? నొప్పి ఉండ్య? మాకూ పెడ్తారా?" అని అడుగుతున్నారు. అక్క నోరంతా తెరిచి నవ్వుతూ చెప్తోంది.

"ముందు పోయి చూపించుకోండి. ఎక్స్‌రే తీపిచ్చుకోండి, షుగరు చూపిచ్చుకోండి. నాకు కుదిరిందని మీకు కుదరాలనేం ల్యా. ఎవరి దవడ వాళ్ళది."

ఆ మాట నేను గొంతు పోయేలా చెప్పిందే. ఆమె నోట్లోంచి వచ్చేసరికి అందరూ బుద్ధిగా తలలు ఊపుతున్నారు. ఒకామె కొంగు దించి, నోరు తెరిచి తన పుచ్చిపన్ను అక్కకు చూపించింది కూడా. నేను పక్కన నిలబడి చూశాను. ఎంత మండిందో చెప్పలేను.

ఇప్పుడు నా చిగుళ్ళు గట్టిపడుతున్నాయి. సాయంత్రాలు అక్కతో కలిసి నడుస్తున్నాను, షుగరు దిగుతోంది. డాక్టరమ్మ మళ్ళీ స్కాన్ తీస్తుంది. అప్పుడు స్క్రూనా, ఈ ప్లేటేనా అన్నది నా ఎముక చెప్తుంది, అక్క జామకాయ కాదు. ఈలోగా అక్క మా ఇంటికి వచ్చి, స్కాన్ దశమికి పెట్టుకోమని రోజూ పోరుపెడుతోంది.

మీరు ఇదంతా చదివి పుస్తకం మూసేసి, రేపు చూసుకుందాంలే అనుకుంటే నా శ్రమంతా వృథా. నోటికి అడ్డం పెట్టిన ఆ చెయ్యి తియ్యండి. అద్దం ముందు నిలబడి నోరు తెరవండి. ఏ పన్ను కదులుతోందో, ఏ చిగురులోంచి నెత్తురు కారుతోందో చూడండి. పక్కింటామెకు ఏం పెట్టారని అడగకండి. మీ డాక్టరు ఎదురుగా కూర్చుని, నా దవడకు ఏది, ఎందుకు, అది నిలవకపోతే తర్వాత ఏంటని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. లేవండి, ఇప్పుడే వెళ్ళండి.